గాజుగోడకు ఇవతల

“మేడమ్, మీరు లోపల ఏసీలో కూర్చోండి, ఇక్కడ గ్రీజు అంటుకుంటుంది” అన్నాడు సేల్స్‌మన్, ఆమె తెల్లచొక్కా వంక జాలిగా చూస్తూ. గ్రీజట. అంటుకుంటుందట. పెళ్ళి కుదిరాక గోళ్ళ సందుల్లోంచి గ్రీజు వదలక, నిమ్మచెక్క పెట్టి రుద్దీ రుద్దీ చేతులు మంటలెత్తిన మనిషిని పట్టుకుని గ్రీజు గురించి హెచ్చరిస్తున్నాడు ఈ జుట్టుముడి పెద్దమనిషి. సరే, వాడికి తెలియదు. రేసుల్లో బండి నడిపినదాన్నని ఆమె నుదుటి మీద రాసిపెట్టి లేదు. తెలిసినవాడు పక్కనే ఉన్నాడుగా, ఆమె మరిది. నిన్నటినుంచీ ఫోను మీద ఫోను చేసి, “వదినా, నువ్వు పక్కన నిలబడితే చాలు, నన్నెవడూ మోసం చెయ్యడు, బండి సంగతి నీకంటే ఎవరికి తెలుసు” అని బతిమాలి, ఆమెకు దొరక్క దొరక్క దొరికిన సెలవు మధ్యాహ్నాన్ని ఊడలాక్కుని, తను కొన్న పాత బండికి హంగులు చేయించడానికి ఈ షాపుకు తీసుకొచ్చిన మహానుభావుడు. “మా వదిన రేసుల్లో నడిపింది బాస్” అనడానికి ఎంతసేపు పడుతుంది? అనలేదు. నవ్వాడు. పళ్ళన్నీ బయటపెట్టి నవ్వి, “అవును వదినా, నువ్వెళ్ళి కూర్చో, నేను చూసుకుంటాగా” అన్నాడు. చూసుకుంటాడట.

ఇంకేముంది, వచ్చి కూర్చుంది. గాజుగోడకు ఇవతల వరసగా ప్లాస్టిక్ కుర్చీలు, ఎవడో ఎత్తుకుపోతాడన్నట్టు అన్నిటినీ కలిపి ఒకే ఇనప బద్దకు బిగించారు. మూలన కాఫీ మిషను. అందులోంచి కారేదాన్ని కాఫీ అనడానికి గుండె ధైర్యం కావాలి. అయినా ఒక గ్లాసు పట్టుకుంది, చేతులకు ఏదో ఒక పని ఉండాలి కదా. గోడమీది టీవీలో శబ్దం లేని రేసు, మోకాళ్ళు నేలకు రాసుకుంటూ ఒరిగిపోతున్న బళ్ళు. టీవీ కింద అద్దాల బీరువా, అందులో ఎర్రవీ బంగారు రంగువీ బోల్టులూ లీవర్లూ, నగల దుకాణంలో లాగా కింద నల్లటి మెత్తని గుడ్డ పరిచి మరీ పెట్టారు. బోల్టుకి పరుపు. ఈ లోకానికి ఏమైందో ఏమిటో. వాటిని చూసి నోరు తెరుచుకు నిలబడేవాళ్ళ సంగతి ఆమెకు బాగా తెలుసు, వాళ్ళే మర్నాడు ఆర్టీవో ఆఫీసులో ఆమె ముందుకు లైసెన్సు పరీక్షకు వస్తారు, ఎర్ర బోల్టులు మెరిపించుకుంటూ వచ్చి, నేలమీద గీసిన ఎనిమిదంకె చుట్టూ తిరగలేక సగంలో కాలు కింద పెట్టేస్తారు. పెట్టి, బండిని తిడతారు. లేదా నేలని. వెనక నుంచి ఎవడో పిలిచాడంటాడొకడు. ఆమె మాత్రం ఏమీ అనదు. పరీక్ష జరుగుతున్నంతసేపూ పరీక్షించేవాళ్ళు నోరు విప్పకూడదన్నది ఆఫీసు నియమం. ఆ నియమం ఆమె కోసమే పుట్టినట్టుంటుంది. పడబోతున్నవాడిని పడేదాకా చూడటం, పడ్డాక “మళ్ళీ రండి” అనడం. ఆమెకు వాళ్ళు పెట్టిన పేరు ఎనిమిదమ్మ. వెనకాల అనుకుంటారు, ఆమెకు వినపడదనుకుంటారు. చెవులు బాగానే పనిచేస్తాయి నాయనా, పనిచెయ్యనివి మీ చేతులు.

గాజుగోడకు అవతల బండి స్టాండెక్కింది. పాపం బండి. దానిమీద ఆమెకు ఏ కోపమూ లేదు. చిన్న స్పోర్ట్స్ బండి, మోకాళ్ళ మధ్య ఇమిడిపోయేంత. ఎంత కావాలో అంతే ఇంజను, దానికి తగ్గ చట్రం, ఆ చట్రానికి తగ్గ సన్నటి టైర్లు. తయారుచేసినవాళ్ళు బుద్ధున్నవాళ్ళు. ఆ బుద్ధిని ఒక్కొక్క ముక్కగా విప్పి పారేసి, ఆ చోట డాబు బిగించడానికే కదా ఈ షాపులున్నది. మెకానిక్ వెనక చక్రం ఊడదీశాడు. చెవుల్లో పాటల వైర్లు, మొహంలో ఏ భావమూ లేదు, వేళ్ళు మాత్రం వాటి దారిన అవి పోతున్నాయి. పాత టైరు మధ్యలో పలకలా అరిగిపోయి ఉంది, అంచుల్లో మాత్రం రబ్బరు నూగు కొత్తలో ఉన్నట్టే ఉంది. అంటే ఇదివరకు దీన్ని నడిపినవాడు జన్మలో ఒక్క మలుపులో కూడా సరిగ్గా ఒరగలేదన్నమాట. తిన్నగా పోవడానికి స్పోర్ట్స్ బండి ఎందుకురా నీకు, పట్టాల మీద రైలుంది కదా. దాన్ని కొన్న మా మరిదిగారు ఏమైనా తక్కువా? కళ్ళజోళ్ళ దుకాణంలో పని. వచ్చినవాడి ముక్కుమీద ఏ ఫ్రేము పెట్టినా “మీ మొహానికి అచ్చుపోసినట్టుంది సార్” అంటాడు. రోజంతా ఆ మాట అనీ అనీ, అదే మాట ఇంకొకడు తనతో అంటే మాత్రం నిజమని నమ్మేస్తాడు. ఇప్పుడు అదే జరుగుతోంది. తలుపు సరిగ్గా మూతపడక మాటలన్నీ వినపడుతున్నాయి.

“ఇది వేశావనుకో బ్రో, వెనకనుంచి చూసినవాడు పెద్ద బండి అనుకోవాల్సిందే.”

“గ్రిప్పు ఎలా ఉంటుంది?”

“గ్రిప్పా? గ్రిప్పే గ్రిప్పు బ్రో.”

వెనకనుంచి చూసినవాడు. ఆహా. ముందు కూర్చుని నడిపేవాడి సంగతి ఎవడిక్కావాలి? వచ్చింది టైరు, బలిసిన దున్నపోతు మెడంత. దాన్ని ఆ సన్నటి రిమ్ములోకి ఎక్కించడానికి మెకానిక్ మోకాలేసి తొక్కుతున్నాడు. ఇరుకు చెప్పులో దూర్చిన పాదంలా అంచులు లోపలికి నొక్కుకుపోయి, నడినెత్తి పైకి పొడుచుకొచ్చింది. ఇప్పుడిది మలుపులో ఒరగమంటే ఒరగదు, బతిమాలించుకుంటుంది, ఆ తర్వాత ఒక్కసారిగా పక్కకు పడిపోతుంది. పైగా చైనుకూ దానికీ మధ్య వేలు కూడా దూరేట్టు లేదు. ఆమె కూర్చున్న చోటినుంచే కనిపిస్తోంది ఆ సందు. చెప్పాలా? ఎవరికి? ఏసీలో కూర్చోమన్నారు, కూర్చుంది. మేడమ్ కదా, గ్రీజంటుకుంటుంది కదా. కాఫీ ఒక గుటక మింగింది. ఒంట్లో ఏదో హాయిగా ఉంది, కాఫీ వల్ల కాదు. అవతలివాడు తప్పు చేస్తుంటే తనకొక్కదానికే తెలియడంలో ఒక సుఖం ఉంది, ఆమెకు అది పాత అలవాటు. నిద్రమాత్ర లాంటిది.

పక్క కుర్చీ కిర్రుమంది. పైనుంచి కిందిదాకా తోలు సూటు, చెమటతో మొహం ఉడికిపోతున్న ఒక నడివయసు మనిషి వచ్చి కూలబడ్డాడు. అతని బండికి ఏవో స్టిక్కర్లు అతికిస్తున్నారట. స్టిక్కర్లకు తోలు సూటు వేసుకొచ్చాడు. కాసేపు గాజులోంచి చూసి, “అబ్బాయికి కొనిచ్చారా?” అన్నాడు.

“మరిది” అంది ఆమె.

“ఓహో. మీకూ బండి వచ్చా?”

“కొంచెం.”

ఆ ఒక్క మాట చాలు, అతనికి మైదానం దొరికింది. స్కూటరు నడపడం వేరు, స్పోర్ట్స్ బండి నడపడం వేరు అన్నాడు. ఆడవాళ్ళు నమ్మరుగానీ అంటూ మొదలుపెట్టి, వేగంలో కుడికి తిరగాలంటే ఎడమచేతి వైపు హ్యాండిల్‌ని ముందుకు నెట్టాలని, దానికో సూత్రం ఉందని, గాల్లో చేతులు పెట్టి చూపించాడు. తలకిందులుగా చెప్తున్నాడు. కుడికి వెళ్ళాలంటే కుడిచెయ్యే నెట్టాలి. ఇతను చెప్పినట్టు చేస్తే తిన్నగా రోడ్డు దిగి పక్క కాలవలోకి. ఆమె “అలాగా” అంది. చాలా గౌరవంగా అంది. అతను సంతోషించాడు. ఇతను ఇన్నేళ్ళు ఎలా బతికి బట్టకట్టాడా అని ఆలోచిస్తే, చేతులకు తెలిసినది నోటికి తెలియకపోవడం వల్లేననిపించింది. కొందరిని శరీరమే కాపాడుతుంది, బుర్రనుంచి.

ఆమె శరీరం మాత్రం ఆమెను కాపాడలేదు. ఆ చివరి రేసులో ఎవడి బండో నూనె కార్చుకుంటూ పోయింది, ఆమె వెనకాల వచ్చింది, అంతే, భుజం ఎముక విరిగింది. పడ్డప్పుడు ఆకాశం రెండుసార్లు కనిపించడం గుర్తుంది. ఆ తర్వాత ఆసుపత్రి మంచం, చుట్టూ బంధువులు, అందరి మొహాల్లోనూ బాధ, ఆ బాధ అడుగున కుదుటపడిన మనసు. ఎంత దాచినా కనిపించింది. “పోనీలే, ఇకనైనా మానేస్తుంది” అన్నారు అత్తగారు, పక్కకు తిరిగి అన్నారుగానీ గొంతు చిన్నది కాదు. భర్త అయితే మాటే లేదు, కట్టు విప్పేలోపే ఆమె బండి ఎవరికో ఇచ్చేశాడు. “చోటు లేదుగా” అన్నాడు. ఆ చోట్లో ఇప్పుడొక బట్టలారేసే స్టాండుంది, ఎండ రాని ఆ వరండా మూలన దానిమీద ముక్కిపోయే బట్టలు. ఆయన మంచివాడే. మంచివాళ్ళతో వచ్చిన చిక్కే అది, తిట్టడానికి ఎక్కడా పట్టు దొరకదు. అందుకని ఆమె లోకాన్ని తిడుతుంది, లోకాన్నయితే ఎక్కడబడితే అక్కడ పట్టుకోవచ్చు.

టకటకమని శబ్దం. మెకానిక్ ముందు చక్రం దగ్గరికి వచ్చాడు. ముందు టైరు నయం, అసలు కొలతదే వేశాడు, ఆ మాత్రం బుద్ధి ఎక్కడినుంచి ఊడిపడిందో. బ్రేకు ప్యాడ్లు మార్చాడు. ఆ తర్వాత సేల్స్‌మన్ బీరువా తెరిచి, పరుపు మీద పడుకున్న బంగారు రంగు బ్రేకు లీవరు ఒకటి లేపి, రెండు చేతులతో తీసుకెళ్ళాడు, ఉయ్యాలలో పిల్లను ఎత్తుకెళ్ళినట్టు. మరిది కళ్ళు వెలిగాయి. పాత నల్ల లీవరు, తయారుచేసినవాళ్ళు ఆ బండికే కొలిచి పెట్టినది, చెత్తడబ్బా పక్కన పడింది. కొత్తది బిగించారు. మెకానిక్ ముందు చక్రాన్ని చేత్తో తిప్పాడు.

చక్రం సగం చుట్టు తిరిగి ఆగింది.

ఆమె గ్లాసు నోటిదాకా వెళ్ళి ఆగింది. మెకానిక్ మళ్ళీ తిప్పాడు. మళ్ళీ సగం చుట్టే. గాల్లో లేచి ఉన్న చక్రం తిప్పి వదిలితే తిరుగుతూ ఉండాలి, మనం విసుగొచ్చి చూపు తిప్పుకునేదాకా తిరగాలి. ఇది ఎవరో పట్టుకున్నట్టు ఆగుతోంది. మరిది వంగి చూసి ఏదో అడిగాడు. “కొత్త ప్యాడ్లు కదా, నాలుగు కిలోమీటర్లు పోతే అదే సర్దుకుంటుంది” అన్నాడు మెకానిక్, ఒక చెవి వైరు తీసి, మళ్ళీ పెట్టుకుని. సేల్స్‌మన్ తలూపాడు. మరిదీ తలూపాడు. తలలూపడానికి ఏం భాగ్యం. కొత్త ప్యాడ్లు కాస్త రాసుకుంటాయి, నిజమే, ఇలా గొంతు పట్టుకోవు. ఆ బంగారు లీవరు లోపలి కొన ఒక పిసరు ఎక్కువుంది. నువ్వు వేలు వెయ్యకపోయినా అదే బ్రేకు నొక్కి పట్టుకుని ఉంటుంది. నొక్కి ఉన్న బ్రేకు వేడెక్కుతుంది, వేడెక్కినకొద్దీ ఇంకా బిగుస్తుంది, బిగిసినకొద్దీ ఇంకా వేడి. ఊళ్ళో అయితే బండి బరువుగా పోతోందేమిటా అనుకుంటాడు. రేపు పొద్దున స్నేహితుల బృందంతో కొండదారి ఎక్కి దిగుతాడట, నిన్న ఫోనులో పదే పదే చెప్పాడు. దిగేటప్పుడు ఏదో ఒక మలుపులో, ఎవరూ ముట్టుకోకుండానే, ముందు చక్రం ఠక్కున బిగుసుకుంటుంది. పక్కన లోయ.

తెలిసొస్తుందిలే, అనుకుంది. అలవాటుగా వచ్చే మాట, రోజూ పరీక్షా మైదానంలో అనుకునే మాటే. కానీ అక్కడ పడితే మోకాలు గీరుకుంటుంది, లేచి దులుపుకుని తిట్టుకుంటూ పోతారు. ఇక్కడ? వెళ్ళి చెప్పాలి. చెప్తే ఏమవుతుంది? “మేడమ్ ఏదో అంటున్నారు బ్రో” అంటాడు జుట్టుముడి. వీడు మళ్ళీ నవ్వుతాడు, ఆ నవ్వే. ఇందాక ఆ నవ్వు దగ్గర ఏదో పుటుక్కుమంది కదా, ఇప్పుడు మళ్ళీ వెళ్ళి చెయ్యి చాచాలా, నాకు తెలుసు బాబూ, నన్ను నమ్మండి బాబూ అని? అడిగితే చెప్పేదాన్నే. అడగలేదు. ఎందుకు లేవాలి? ఈ వెధవ ఆనాడు... అక్కడ ఆలోచన కాలు జారింది. ఆనాడు ఆసుపత్రిలో అందరూ వెళ్ళాక, సాయంత్రం, కాలేజీ నుంచి తిన్నగా వచ్చి, మంచం పక్కన నిలబడి, నొప్పిగా ఉందా అనలేదు, ఇక మానేస్తావా అనలేదు. “ఏ గేరులో ఉన్నావు వదినా?” అన్నాడు. మూడో గేరంది. “రెండోది కదా ఉండాల్సింది” అన్నాడు, జన్మలో సైకిలు తప్ప ఎక్కనివాడు, రేసులన్నీ గట్టుమీద నిలబడి చూసి నేర్చుకున్న పాండిత్యం. ఆమెకు నవ్వొచ్చింది, నవ్వితే విరిగిన ఎముక భగ్గుమంది, ఆ నొప్పికి కళ్ళనీళ్ళొచ్చాయి. ఆ ఇంట్లో ఆ పడటాన్ని ఒక మలుపులో జరిగిన సంగతిగా చూసినవాడు వాడొక్కడు. మిగతా అందరికీ అది గుణపాఠం.

బయట ఇంజను అరిచింది. కొత్త సైలెన్సరు కూడా వేశారు కాబోలు, ఆ మోతకు గాజుగోడ వణికింది. మరిది బండెక్కి కూర్చున్నాడు. సేల్స్‌మన్ ఫోనులో వీడియో తీస్తున్నాడు. “మెయిన్ రోడ్డు మీద ఒక రౌండు కొట్టి రా బ్రో” అంటున్నాడు. మరిది హెల్మెట్ తలకెక్కించాడు.

ఆమె ఎప్పుడు లేచిందో, కాఫీ ఎక్కడ పెట్టిందో ఆమెకు గుర్తులేదు. తలుపు తోసుకుని వెళ్ళి, బండి ముందు నిలబడి, చెయ్యి చాచి తాళం తిప్పేసింది. మోత ఆగింది.

“దిగు.”

“ఏంటి వదినా, ఇప్పుడే—”

“దిగమంటున్నానా.”

దిగాడు. ఆమె మెకానిక్ చెవిలో వైరు తనే లాగేసింది. “ముందు చక్రం పైకెత్తు. తిప్పు.” సగం చుట్టు. ఆగింది. “ఇప్పుడు ఆ లీవరు పిన్ను వదులు చేసి, మళ్ళీ తిప్పు.” మెకానిక్ సేల్స్‌మన్ మొహం చూశాడు. “అతన్నెందుకు చూస్తావు, చక్రాన్ని చూడు.” పిన్ను వదులైంది. చక్రం తిప్పి వదిలాడు. తిరిగింది. తిరుగుతూనే ఉంది, అందరూ దాన్నే చూస్తుండగా, సన్నగా గాలి చప్పుడు చేస్తూ, ఎవరి మాటా వినకుండా.

“మంచి కంపెనీ సరుకే మేడమ్, అందరికీ ఇదే వేస్తున్నాం” అన్నాడు సేల్స్‌మన్, ఫోను కిందికి దించి.

“అయితే ఆ అందరినీ పిలిచి విప్పి చూసుకో. ఈలోగా పాతది పెట్టించు. వెనక టైరు కూడా తీసెయ్యి, రిమ్ముకు సరిపోయే కొలతది ఎక్కించు. నీ ఫోనులో చోటేమైనా మిగిలితే ఇది కూడా వీడియో తియ్యి.”

బాగుంది. చాలా బాగుంది. జుట్టుముడి మొహం చూడాలి. ఇన్నేళ్ళలో ఇంత హాయిగా ఎవరినీ దులపలేదు ఆమె, ఇంకో నాలుగు మాటలు నాలుక చివర సిద్ధంగా ఉన్నాయి, తోలు సూటు మనిషి కూడా తలుపు దాకా వచ్చి వింటున్నాడు. అప్పుడు మరిది అడిగాడు.

“నువ్వెప్పుడు చూశావు?”

“ఏంటి?”

“చక్రం ఆగడం. ఎప్పుడు చూశావు వదినా?”

“మొదట తిప్పినప్పుడే.”

“టైరు?”

ఆమె వెనక టైరు వైపు తిరిగింది. అదే జవాబైంది. అతను గాజుగోడ వైపు చూశాడు, అవతలి కుర్చీ వైపు, దాని కింద నేలమీద ఆమె వదిలేసిన కాఫీ గ్లాసు వైపు. అక్కడినుంచి ఇక్కడికి ఎంత దూరమో కళ్ళతో కొలిచాడు.

“నిన్ను తీసుకొచ్చిందే అందుకు కదా.”

“అతను నన్ను లోపలికి పొమ్మంటే నవ్వావు నువ్వు.”

“నవ్వాను. తప్పే. దానికి చచ్చిపోవాలా నేను?”

గట్టిగా అనలేదు. గట్టిగా అంటే ఆమె దగ్గర పది జవాబులున్నాయి. ఫలానా ఫ్రేము తమ మొహానికి నప్పలేదని చెప్పే గిరాకీతో మాట్లాడినంత మెల్లగా అన్నాడు. ఆమె అతని కళ్ళలోకి చూసింది. అక్కడ కోపం ఉంటుందనుకుంది, లేదు. ఒక అడుగు వెనక్కి వేసి ఆమెను కొత్తగా చూస్తున్నాడు, ఈవిడ ఇలాంటి మనిషా అన్నట్టు, ఇక ఈవిడ గురించి తెలుసుకోవాల్సింది అయిపోయిందన్నట్టు. ఆ చూపు కింద ఎలా నిలబడాలో ఆమెకు తెలియలేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచక, వంగి, చెత్తడబ్బా పక్కన పడున్న నల్ల లీవరు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మెకానిక్ చేతికిచ్చింది. చొక్కాకు చారికలు పడ్డాయి.

సరైన టైరు గోదాములోంచి తేవడానికి కాస్త సమయం పట్టింది. ఆమె లోపలికి వెళ్ళలేదు. ఇద్దరూ బండికి చెరోవైపున నిలబడ్డారు. మెకానిక్ పాత లీవరు బిగిస్తుంటే పిన్ను ఎంత వదులుండాలో ఆమె చెప్పింది, మరిది విన్నాడో లేదో తెలియదు, కానీ అటే చూస్తున్నాడు. టైరు ఎక్కింది. చైను పక్కన మనిషి వేలు హాయిగా దూరేంత సందు. జుట్టుముడి ఎక్కడికో మాయమయ్యాడు, పిరికిపంద. తోలు సూటు మనిషి మాత్రం పోలేదు. “ఇందాక నేను చెప్పింది...” అని గొణిగాడు. “తప్పండీ. కుడికి వెళ్ళాలంటే కుడిచెయ్యే నెట్టాలి. దయచేసి ఇంకెవరికీ చెప్పకండి” అంది ఆమె. అతను తన రెండు చేతుల వంకా మార్చి మార్చి చూసుకుంటూ వెళ్ళిపోయాడు.

మరిది బండిని రోడ్డు మీదకు నెట్టుకొచ్చాడు. ఎక్కమనలేదు. హెల్మెట్ పెట్టుకోబోతుండగా ఆమె అంది, “రేపు నేనూ వస్తాను.”

“ఎక్కడికి?”

“కొండదారికి.”

“దేనిమీద?”

“నా స్కూటరు మీద.”

“స్కూటరు మీద కొండదారికా? మావాళ్ళు పడీ పడీ నవ్వుతారు.”

“నవ్వనీ. కొత్త టైరు మొదటిరోజు నున్నగా జారుతుంది. నేను ముందు పోతాను. నేను ఎంత ఒరిగితే నువ్వూ అంతే ఒరుగు, నేను ఎక్కడ బ్రేకు వేస్తే నువ్వూ అక్కడే.”

అతను అద్దం మీద లేని దుమ్ము తుడిచాడు. కాదంటాడేమోనని ఆమె చొక్కా మీది చారికలు గోటితో గీరింది. కాదన్నా తెల్లవారేసరికి వాళ్ళ వీధి చివర స్కూటరు మీద నిలబడి ఉంటానని ఆమెకు తెలుసు, ఆ మాట మాత్రం పైకి చెప్పలేదు.

“చీకటితోనే బయలుదేరతాం” అన్నాడు చివరికి, ఇంకా ఆమె మొహం చూడకుండా. బండి స్టార్టు చేసి, ఆ దిక్కుమాలిన సైలెన్సరు మోతలో గొంతు పెంచి, “అయితే దారంతా నీ వెనకాలే రావాలా? దాటకూడదా?”

“దాటగలిగితే దాటు” అంది వదిన.